ప్రశ్న ఎవరు అడుగుతున్నారు? ఆరోగ్య పరిశోధనకి అందరూ ఎందుకు రావాలి

(అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం ఎపిడెమియాలజీ, అంటే జనంలో జబ్బులు ఎలా వస్తాయో చూసే శాస్త్రం, బోధించే ఒక ప్రొఫెసర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకి కూడా. కాలేజీ అప్లికేషన్లు, ఇంటర్న్‌షిప్పులు అంటూ తిరుగుతున్న వయసు మీది. ఈ గంటలో కొంతసేపు నేరుగా మీతోనే మాట్లాడతాను.

అమెరికాలో ఆరోగ్య పరిశోధన చేసే పీహెచ్‌డీ విద్యార్థుల్లో అన్ని జాతులవాళ్లూ ఎందుకు ఉండాలన్న విషయం మీద మాట్లాడతానని చెప్పగానే, మనవాళ్లలో ఒకాయన సూటిగా అడిగారు: "బాగా చదివినవాడికి సీటొస్తుంది, చదవనివాడికి రాదు. మధ్యలో జాతి ఎందుకమ్మా?" ఇంకొకావిడ నన్ను పక్కకి పిలిచి అడిగారు: "మనల్ని ఎలాగూ తక్కువమంది ఉన్న జాతుల లెక్కలో కలపరు కదా, మన పిల్లల సీట్లే పోతాయంటున్నారు. మనకెందుకండీ ఇది?" రెండూ అడగదగ్గ ప్రశ్నలే. నేను ఈ రెండింటికీ జవాబు చెప్పడానికే వచ్చాను. అయితే జవాబు కంటే ముందు ఒక చిన్న యంత్రం గురించి చెప్పాలి.

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రెండో అల నడుస్తున్నప్పుడు, ఇక్కణ్ణుంచి ఇంటికి ఫోన్ చేసి "ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది నాన్నా?" అని అడగనివాళ్లు ఈ హాల్లో ఉన్నారా? ఎవరూ ఉండరు. ఆ నంబరు 94 అంటే ఊపిరి పీల్చుకున్నాం, 91 అంటే బెడ్డు కోసం పరుగెత్తాం. ఆ ఆక్సీమీటరు ఎలా పనిచేస్తుంది? వేలికి ఒక పక్కనుంచి ఎర్రటి కాంతి, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపిస్తుంది. రెండో పక్కకి ఎంత చేరిందో చూసి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో లెక్క కడుతుంది. మరి మధ్యలో చర్మం ఉంది కదా? చర్మంలో మెలనిన్ ఉంది. అది కూడా కాంతిని పీల్చుకుంటుంది.

2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు ఒక లెక్క ప్రచురించారు. యంత్రం 92 నుంచి 96 దాకా చూపిస్తున్న రోగులకి, అదే సమయంలో ధమనిలోంచి రక్తం తీసి చూశారు. నిజానికి 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతివాళ్లలో 11.7 శాతం. మూడు రెట్లు! వేలి మీద యంత్రం "బాగానే ఉన్నావు" అంటోంది, లోపల ప్రాణవాయువు పడిపోతోంది.

ఇది 2020లో కొత్తగా తెలిసిందా? కాదండీ. 1990లో ఒక పరిశోధన పేపరు చెప్పింది. 2005లో ఇంకో పేపరు చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. 2013లో ఎఫ్‌డీఏ, అంటే మందుల్నీ వైద్య పరికరాల్నీ అనుమతించే అమెరికా ప్రభుత్వ సంస్థ, పెట్టిన నిబంధన ప్రకారం ఆక్సీమీటరుని పదిమంది మీద పరీక్షిస్తే చాలు. ఆ పదిమందిలో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు ఇద్దరుంటే చాలు. కొత్త ముసాయిదా వచ్చింది 2025 జనవరిలో, అన్ని రంగుల చర్మాల మీదా, చాలా ఎక్కువమంది మీద పరీక్షించాలని. 1990 ఎక్కడ, 2025 ఎక్కడ? ఈ ముప్ఫై అయిదేళ్లలో ఆ యంత్రం పెట్టుకున్న వేళ్లెన్ని? మన అమ్మానాన్నల వేళ్లు కూడా అందులో ఉన్నాయి కదా?

సమాధానం దొరక్క ఆలస్యం కాలేదు. సమాధానం కాగితం మీద ఉంది. "ఇది మా అమ్మకి జరుగుతుంది, దీని సంగతి తేల్చాల్సిందే" అని పట్టుబట్టేవాళ్లు పరిశోధన చేసే, నిబంధనలు రాసే గదుల్లో లేరు. నేను ఈవేళ చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇంకొకటి చూడండి. ఈఈజీ అని మెదడు పరీక్ష ఉంది. తలకి చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. మన దగ్గర ఈ పరీక్షకి వెళ్తే ఏమంటారు? తలంటుకుని, నూనె రాసుకోకుండా రమ్మంటారు. ఎందుకంటే ఎలక్ట్రోడు మాడుకి తగలాలి. దట్టంగా, గట్టిగా ఉంగరాలు తిరిగిన జుట్టయితే అది మాడుకి ఆనదు, పైకి లేచిపోతుంది. సిగ్నల్ చెడిపోతుంది. చెడిపోయిన రికార్డుని ఏం చేస్తాం? లెక్కలోంచి తీసేస్తాం. అంటే కేవలం జుట్టు వల్ల మెదడు పరిశోధనలోంచి మనుషులు జారిపోతున్నారన్నమాట. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆర్నెల్ ఎటియెన్ అనే నల్లజాతి అమ్మాయి, అప్పటికి ఇంకా డిగ్రీ చదువుతోంది, తలని పాయలు తీసి మాడుకి అంటుకునేలా సన్నటి జడలు అల్లింది. జడకీ జడకీ మధ్య పాపిడి వస్తుంది కదా, అక్కడ ఎలక్ట్రోడు పెట్టి, జడల కిందికి దూరి పట్టుకునే క్లిప్పు తయారు చేసింది. 2020లో దాని మీద పేపరొచ్చింది. అంత పెద్ద ప్రొఫెసర్లకి ఎందుకు తట్టలేదు? తెలివి లేక కాదు కదా. ఆ జుట్టు వాళ్లకి లేదు, ఆ జడలు వాళ్ల ఇళ్లలో అల్లరు.

ఇక కిడ్నీల లెక్క. ఇది కొంచెం ఓపిగ్గా వినండి. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం ఎంతుందో చూసి కిడ్నీ ఎంత పనిచేస్తోందో ఒక సూత్రంతో లెక్కేస్తారు, దాన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు. 2009లో వచ్చిన సూత్రంలో ఒక మెలిక ఉంది. రోగి నల్లజాతి అయితే వచ్చిన అంకెని 1.159తో గుణించాలి. ఇప్పుడు లెక్క వేయండి పిల్లలూ. ఇద్దరు రోగులు, ఇద్దరికీ సూత్రం 18 ఇచ్చింది. తెల్లాయనకి 18 అనే రాస్తారు. నల్లాయనకి 18ని 1.159తో గుణిస్తే దాదాపు 21 వస్తుంది. కిడ్నీ మార్పిడి వెయిటింగు లిస్టులో రోజులు లెక్కపడటం మొదలయ్యేది 20కి దిగాకే. ఒకే జబ్బు, ఒకే రక్తం. ఒకాయన లిస్టులో ఉన్నాడు, ఇంకొకాయన ఇంటికెళ్లాడు.

దీన్ని ఎవరు ప్రశ్నించారు? కొంతమంది డాక్టర్లు, వాళ్లతోపాటు విద్యార్థులు. నల్లజాతి విద్యార్థులు క్లాసులో చెయ్యెత్తి, "మా నాన్న రిపోర్టుని ఏ ఆధారంతో గుణిస్తున్నారు?" అని అడిగారు. బోస్టన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో, సియాటెల్‌లో విద్యార్థులు సంవత్సరాల తరబడి పట్టు వదల్లేదు. 2021లో జాతి లేని కొత్త సూత్రం వచ్చింది. 2023లో, పాత సూత్రం వల్ల నష్టపోయిన నల్లజాతి రోగులకి పోయిన రోజుల్ని తిరిగి వెయిటింగు లిస్టులో కలపమని ఆదేశాలొచ్చాయి. వేలమందికి కలిపారు. క్లాసులో ఆ చెయ్యే లేకపోతే?

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. "బాగా చదివినవాళ్లు వస్తారు." నిజంగా వస్తారా? ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఒకరు మీకు బాగా తెలిసినవారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో 1895లో పుట్టారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు వేసుకుని సర్జరీకి రావడం అక్కడి ప్రొఫెసర్‌కి గిట్టలేదు, చివరికి ఆయన చేతికి ఎంబీబీఎస్ రాలేదు, అంతకంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ వచ్చింది. మార్కులు తెలివికి మాత్రమే పడతాయా అని అడిగేవాళ్లకి ఇదొక్కటి చాలు. 1923లో బోస్టన్ వచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. ఆ దేశంలోకి దిగారాయన. హార్వర్డ్‌లో చదువుకుంటూ, రాత్రుళ్లు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగి పొట్టపోసుకున్నారు. 1930లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. హార్వర్డ్‌లోనే పనిచేసే సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఫోలిక్ యాసిడ్, లుకేమియా పిల్లలకి మొదటిసారి పనిచేసిన మందులు, బోదకాలుకి ఇచ్చే హెట్రజాన్, ఇవన్నీ ఆయన బృందం చలవే.

రెండో మనిషి వివియన్ థామస్. నల్లజాతి మనిషి, 1910లో పుట్టారు, నాష్‌విల్‌లో పెరిగారు. డాక్టర్ కావాలని వడ్రంగం చేసి కాలేజీకి డబ్బు కూడబెట్టుకున్నారు. 1930లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో సర్జన్ డాక్టర్ బ్లేలాక్ ల్యాబులో తాత్కాలికంగా చేరారు. ఆ ఏడాదే నాష్‌విల్‌లో బ్యాంకులు కూలాయి. దాచుకున్నదంతా పోయింది. కాలేజీ చదువు అక్కడితో ఆగిపోయింది. పుట్టుకతో గుండె లోపంతో నీలంగా మారిపోయే పసిబిడ్డలకి చేసే ఆపరేషన్‌ని ప్రయోగశాలలో రూపొందించింది ఆయనే. 1944 నవంబరు 29న, తర్వాత వాళ్లిద్దరూ వెళ్లిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటి బిడ్డకి బ్లేలాక్ ఆపరేషన్ చేస్తుంటే, వెనక స్టూలెక్కి నిలబడి ఒక్కొక్క కుట్టు ఎలా వేయాలో చెప్పింది ఆయనే. పరిశోధన చేస్తున్న రోజుల్లో వాండర్‌బిల్ట్ ఆయనకిచ్చిన జీతం ఏ హోదాలో తెలుసా? జానిటర్! స్వీపరు జీతం. 1976లో హాప్కిన్స్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఇద్దరి తెలివిలో తేడా ఉందంటారా? నేను అననండి. ఇద్దరి మీదా వివక్ష ఉంది. మరి ఒకరికి పీహెచ్‌డీ వచ్చింది, ఒకరికి రాలేదు, ఎందుకు? సుబ్బారావు గారి వెనక మామగారి డబ్బు ఉంది, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ అండ ఉంది. థామస్ వెనక ఒక్క బ్యాంకు ఖాతా ఉంది, అది మునిగింది. ఇది దయచేసి మనసులో పెట్టుకోండి. ఒక మహానుభావుణ్ణి మనకిచ్చిన కారణాల్లో ఒకటి కాకినాడలో ఎవరో పెట్టిన ధర్మనిధి.

ఇదంతా పాత సంగతి కదా అనకండి. అడ్మిషన్ కమిటీల్లో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. ఒక ఫైలు ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి పేజీలో మార్కులు. తర్వాత జీఆర్ఈ, ఆ పరీక్ష ఫీజే రెండు వందల డాలర్లకి పైన, కోచింగు వేరే. తర్వాత "రీసెర్చ్ అనుభవం". ఇక్కడుందండీ కిటుకు. వేసవిలో మూడు నెలలు జీతం లేకుండా ల్యాబులో పనిచేసిన కుర్రాడికి అక్కడ నాలుగు లైన్లుంటాయి, తన పని చూపించే ఒక పోస్టరు ఉంటుంది, పెద్ద ప్రొఫెసర్ రాసిన ఉత్తరం ఉంటుంది. అదే వేసవిలో కిరాణా దుకాణంలో పనిచేసి ఇంటి అద్దె కట్టిన అమ్మాయికి ఆ చోట ఖాళీ. కమిటీలో ఎవరో ఒకరు "పరిశోధన మీద ఆసక్తి కనపడటం లేదు" అంటారు. ఆసక్తి కాదండీ కనపడనిది, డబ్బు.

జీఆర్ఈ సంగతి కూడా చెప్పాలి. 2017లో నార్త్ కరొలైనా యూనివర్సిటీ వాళ్లు, వాండర్‌బిల్ట్ వాళ్లు విడివిడిగా తమ బయోమెడికల్ పీహెచ్‌డీ విద్యార్థుల రికార్డులు తిరగేసి చూశారు. ఎవరు ఎక్కువ పరిశోధన పేపర్లు రాస్తారో జీఆర్ఈ స్కోరు చెప్పలేకపోయింది. అప్పట్నుంచి చాలా విభాగాలు ఆ పరీక్షని ఎత్తేశాయి. ప్రమాణాలు తగ్గించేశారని మనవాళ్లు బాధపడుతుంటారు. తూకం తప్పు చూపించే రాయిని తక్కెడలోంచి తీసేస్తే ప్రమాణం తగ్గినట్టా?

సరే, సీటు వచ్చింది. తర్వాత? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ట్రైనింగ్ గ్రాంటు స్టైపెండు 2024లో ఏడాదికి 28 వేల డాలర్ల పైచిలుకు. చాలాచోట్ల మొదటి చెక్కు సెప్టెంబరు చివర్లో వస్తుంది. అద్దె, అడ్వాన్సు ఆగస్టులోనే కట్టాలి. కాన్ఫరెన్సుకి వెళ్లాలంటే టికెట్టు, హోటలు ముందు సొంత క్రెడిట్ కార్డు మీద, డబ్బు వెనక్కి రావడానికి వారాలు పడుతుంది. ఇంట్లో వెయ్యి డాలర్లు అడిగితే ఇచ్చేవాళ్లున్న విద్యార్థికి ఇది సమస్యగా కూడా కనపడదు. లేనివాడు కాన్ఫరెన్సు మానేస్తాడు. అక్కడ కలవాల్సిన మనుషుల్ని కలవడు. తర్వాతి ఉద్యోగం అక్కడే జారిపోతుంది.

అంతా దాటుకుని ప్రొఫెసరయ్యాక? 2011లో సైన్స్ పత్రికలో ఒక పేపరు వచ్చింది. ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు ఎవరికి వస్తున్నాయని చూస్తే, తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి పరిశోధకులకి వచ్చే అవకాశం 13 శాతం పాయింట్లు తక్కువ. చదువు, పేపర్లు, శిక్షణ, పనిచేసే సంస్థ, అన్నీ సరిచూసినా 10 పాయింట్ల తేడా మిగిలింది. 2019లో ఇంకో అధ్యయనం ఆ తేడాలో 20 శాతానికి పైగా ఎంచుకున్న విషయం వల్లే అని చెప్పింది. సమాజంలో ఆరోగ్య అసమానతలు, జనం మధ్యకెళ్లి చేసే పరిశోధన లాంటి విషయాలు నల్లజాతివాళ్లు ఎక్కువగా ఎంచుకుంటున్నారు, వాటికి గ్రాంట్లు తక్కువగా వస్తున్నాయి. చూశారా? మనిషినీ రానివ్వలేదు, అతను తెచ్చిన ప్రశ్ననీ రానివ్వలేదు.

మరి మార్గం లేదా? ఉంది, పనిచేసి చూపించారు కూడా. మేరీలాండ్‌లో బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్, యూఎంబీసీ అంటారు. అక్కడ 1988లో ఫ్రీమన్ రబౌస్కీ గారు మేయర్‌హాఫ్ దంపతులు ఇచ్చిన విరాళంతో ఒక స్కాలర్‌షిప్పు మొదలుపెట్టారు. 1963లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో పౌరహక్కుల కోసం నల్లజాతి పిల్లలు వీధుల్లోకి వచ్చి ఊరేగింపు చేసినప్పుడు పన్నెండేళ్ల వయసులో జైలుకెళ్లిన మనిషి ఆయన. కార్యక్రమంలో పెద్ద రహస్యం ఏమీ లేదు. కాలేజీ మొదలవకముందే వేసవిలో అందర్నీ ఒకచోట ఉంచి చదివిస్తారు. ఎవర్నీ ఒంటరిగా చదవనివ్వరు, గుంపుగా చదవాలి. మొదటి ఏడాదినుంచే ల్యాబు. కెమిస్ట్రీలో సీ గ్రేడ్ వస్తే పాసయ్యావులే అని వదిలేయరు, మళ్లీ చదవమంటారు. ప్రమాణం తగ్గించడమా ఇది? ఆ కార్యక్రమంలో చదివిన కిజ్‌మీకియా కార్బెట్ తర్వాత నార్త్ కరొలైనాలో పీహెచ్‌డీ చేసి, ఎన్‌ఐహెచ్‌లో మోడెర్నా కోవిడ్ టీకా వెనక ఉన్న పరిశోధనకి ముందు నిలబడింది. మనలో ఎంతమంది వేయించుకున్నాం ఆ టీకా?

టీకా తయారైతే సరిపోలేదు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖే సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకి మందు ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ జ్ఞాపకం ఉన్న ఇళ్లలోకి టీకా గురించి చెప్పడానికి ఎవరు వెళ్లగలరు? కార్బెట్ వెళ్లింది. చర్చిల్లో, సభల్లో కూర్చుని ఒక్కొక్క ప్రశ్నకీ జవాబు చెప్పింది.

ఇక రెండో ప్రశ్న. "మనకెందుకు?" అమ్మా, మీరు ఇక్కడే ఉన్నారా? ఉన్నారు, సంతోషం.

ఈమధ్య దాకా ఎన్‌ఐహెచ్ పెట్టుకున్న లెక్కలో తక్కువ ప్రాతినిధ్యం ఉన్నవాళ్లంటే నల్లజాతివాళ్లు, లాటినోలు, నేటివ్ అమెరికన్లు, పసిఫిక్ దీవులవాళ్లు. ఆసియావాళ్లం మనం అందులో లేం, నిజమే. కానీ మన గుండె సంగతి చూడండి. 2000లో మెసా అని పెద్ద గుండెజబ్బుల అధ్యయనం మొదలైంది, 6,814 మందితో. తెల్లవాళ్లు, నల్లజాతివాళ్లు, లాటినోలు, చైనావాళ్లు ఉన్నారు. మనం లేం! మన ఇళ్లలో నలభై అయిదేళ్లకే స్టెంట్లు పడుతున్నాయి, మనం లేం. పదేళ్ల తర్వాత, 2010లో, అల్కా కనయా గారు, నమ్రతా కందుల గారు మెసా నమూనాలోనే మసాలా అనే అధ్యయనం మొదలుపెట్టారు, శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగోల్లో, 906 మంది దక్షిణాసియా వాళ్లతో. ఎవరు మొదలుపెట్టారో పేర్లు విన్నారు కదా? 2018లో అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా పుట్టుకని గుండెజబ్బు ముప్పు పెంచే అంశంగా చేర్చారు. ఇప్పుడు మీ డాక్టరు ఆ మాట అంటున్నాడంటే, మనల్ని ప్రత్యేకంగా లెక్కించేవాళ్లు పరిశోధనలోకి వచ్చారు కాబట్టి. మనకి దక్కిన ఆ న్యాయం పక్కింటివాళ్లకి దక్కాలంటే మనకెందుకు అని ఎలా అంటాం?

ఇంకో మాట. 1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం మారింది, మనవాళ్లకి తలుపు తెరుచుకుంది. ఆ చట్టం ఎక్కణ్ణుంచి వచ్చింది? పౌరహక్కుల ఉద్యమం నడిచిన రోజుల్లోంచి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో జైలుకెళ్లిన పిల్లల్లో ఒకడి గురించి ఇందాకే చెప్పాను. మన పెద్ద డాక్టర్లు ఇక్కడికొచ్చి స్థిరపడ్డారంటే ఆ పిల్లల ఋణం కొంత మన మీదుంది. నేను ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, నమ్మి చెబుతున్నాను.

మన లోపలి సంగతీ చూసుకోవాలి. తెలుగువాళ్లలో ఇక్కడ పబ్లిక్ హెల్త్ చదవడానికి ఎవరు రాగలుగుతున్నారు? పొలం తాకట్టు పెట్టుకోగలిగినవాళ్లు, పొలం ఉన్నవాళ్లు. ఈమధ్య ప్రభుత్వ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పుల మీద దళిత, బీసీ కుటుంబాల పిల్లలు వస్తున్నారు. వాళ్లు అడుగుతున్న ప్రశ్నలు వేరుగా ఉంటున్నాయి. పారిశుధ్య కార్మికుల ఊపిరితిత్తుల గురించి అడుగుతున్నారు. ఆ ప్రశ్న నేను చదువుకున్న రోజుల్లో నా క్లాసులో ఒక్కరూ అడగలేదు.

ఇప్పటి పరిస్థితి దాచకుండా చెప్పాలి, బాగాలేదు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. 2025లో కొత్త ప్రభుత్వం ఎన్‌ఐహెచ్‌లో వైవిధ్యం పేరున్న గ్రాంట్లని వరసగా రద్దు చేసింది. డిగ్రీ అయ్యాక పీహెచ్‌డీకి ముందు ఒక ఏడాది జీతమిచ్చి ల్యాబులో పనిచేయించే ప్రెప్ లాంటి పథకాలు పోయాయి. ఇందాకటి కిరాణా దుకాణం అమ్మాయికి సరిగ్గా కావాల్సింది ఆ ఏడాదే! జూన్‌లో బోస్టన్ ఫెడరల్ జడ్జి రద్దులు చెల్లవన్నారు. ఆగస్టులో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో కేసు తేలేదాకా రద్దులు కొనసాగనిచ్చింది. మధ్యలో ఉన్న విద్యార్థుల సంగతి? ల్యాబు మారినవాళ్లున్నారు, చదువు మానేద్దామా అని వచ్చి నా గదిలో కూర్చున్నవాళ్లున్నారు.

అయినా చేయగలిగింది చాలా ఉంది, అందులో కోర్టు అడ్డం రానిదే ఎక్కువ. వేసవిలో ల్యాబులో పనిచేసే ప్రతి విద్యార్థికీ జీతం ఇవ్వచ్చు. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లల్ని, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లల్ని వెతికి పిలవచ్చు. మొదటి చెక్కు ఆగస్టులోనే ఇవ్వచ్చు. కాన్ఫరెన్సు టికెట్టు విభాగమే కొనచ్చు. ఈ హాల్లో ప్రొఫెసర్లున్నారు, ఆసుపత్రుల్లో పరిశోధన నడిపేవాళ్లున్నారు, కంపెనీలున్నవాళ్లున్నారు. మీ ల్యాబుకి వచ్చే వేసవి ఈమెయిళ్లలో స్నేహితుల పిల్లలవి ఎన్ని, తెలియని పేర్లవి ఎన్ని? ఒక్కసారి చూడండి. మన సంఘాలు గుళ్లకి, కల్చరల్ ప్రోగ్రాములకి లక్షల డాలర్లు పోగుచేస్తాయి. అందులోంచి ఏటా ఇద్దరు విద్యార్థులకి, ఏ జాతివాళ్లయినా సరే, వేసవి జీతం ఇచ్చే నిధి పెట్టడం మనకి పెద్ద పని కాదు. దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ చెప్పేవాళ్లని అడిగితే పేర్లు వాళ్లే ఇస్తారు.

దాని కోసం ఒక కాగితం తయారుచేసి వెనక టేబుల్ మీద పెట్టాను. విద్యార్థికి ఎంతివ్వాలి, ఏ ల్యాబులు తీసుకోవడానికి ఒప్పుకున్నాయి, పన్ను లెక్క ఎలా, అన్నీ అందులో రాశాను. మీరు చదివి, తప్పులుంటే దిద్ది, వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో చర్చకి పెట్టమని అడుగుతున్నాను. ఇక ప్రశ్నలు. ముందు పిల్లలు అడగండి, తర్వాత పెద్దవాళ్లు.